మద్దిలేటి కాళ్లలో కపిలెద్దు

రెండేళ్లుగా ఎండు జొన్నకట్టెల్లా పడి ఉన్న మద్దిలేటి కాళ్లు ఆ రోజు పశువైద్య కాలేజీ వెనక రేకుల షెడ్డులో కదిలాయి. కదలడమంటే ఏ బొటనవేలో వణకడం కాదు. మడత విప్పుకొని, లేచి, నిలబడి, రెండు ఇనప కమ్మీల నడుమ ఊరేగింపులో పెళ్లికొడుకులా ఠీవిగా నడిచాయి. డాక్టరు హైమవతి పక్కనే నడుస్తూ అడుగులు లెక్కపెట్టింది. మద్దిలేటి భార్య సుంకులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కమ్మీల చివరిదాకా పోయి కాళ్లు ఆగాయి. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు నిలబడ్డాయి. ఆ తర్వాత అంతే ఠీవిగా వెనక్కి నడవడం మొదలుపెట్టాయి.

తిరిగి నడవలేదు సుమా! మద్దిలేటి మొహం ముందుకే ఉంది, నడక మాత్రం వెనక్కి పోతోంది. బయలుదేరిన కుర్చీ పిర్రలకు తగిలాక ఆగి, మళ్లీ ముందుకు కదిలాయి. చివరిదాకా పోవడం, మళ్లీ వెనకడుగులు. ఇందులో మద్దిలేటి ప్రమేయం ఏమీ లేదు. బండిలో కూర్చున్నవాడికి ఎంత పెత్తనం ఉంటుందో ఆయనకు తన కాళ్ల మీద అంతే ఉంది.

హైమవతి కంగారుగా ఆయన నడుముకు కట్టిన పెట్టె మీద మరలు తిప్పింది. పెట్టె ట్రాన్సిస్టరు రేడియో అంత ఉంటుంది. దాన్నుంచి వెంట్రుకలంత సన్నని తీగలు చర్మం కిందుగా పోయి, వెన్నులో దెబ్బ తగిలిన చోటుకు దిగువన దిగి ఉన్నాయి. ఆ తీగలు పెట్టడానికి పట్నం నుంచి వెన్నెముక డాక్టరు వచ్చి ఒక పూటంతా చెమటోడ్చాడు.

మూడోసారి వెనకడుగులు మొదలయ్యేసరికి మద్దిలేటికి నవ్వు ఆగలేదు.

"డాక్టరమ్మా, ఆ మరలు తిప్పి ఏం లాభంలే. ఇది యాడనో చెడిపోయింది కాదు. మా ఎద్దు మైలోడు కపిల లాగతాండాడు!"

సుంకులమ్మ నోట్లోంచి కొంగు జారిపోయింది. "అయ్యో నా తల్లో! నిజమే గదా!" అంటూ అక్కడే నేల మీద చతికిలబడింది.

ఇప్పుడు కపిల చూసినవాళ్లు తక్కువ కాబట్టి ఆ సంగతి చెప్పుకోవాలి. మోటార్లు రాకముందు ఆ మెట్టసీమలో బావి నీళ్లు ఎడ్లే తోడేవి. జత ఎడ్ల కాడికి మోకు కడతారు. లావుపాటి తాడన్నమాట. అది గిలక మీదుగా బావిలోకి దిగుతుంది, చివర తోలు బాన. ఎడ్లు బావికి వీపు పెట్టి ఏటవాలు బాటలో దిగుతుంటే, నిండు బాన పైకి వస్తుంది. తోలేవాడు తన బరువు కూడా సాయం ఉంటుందని మోకు మీద ఎక్కి కూర్చుని పాట ఎత్తుకుంటాడు. బానలో నీళ్లు కాలవలో పడగానే ఎడ్లు తిరగవు. ఉన్నవి ఉన్నట్టే వెనకడుగులు వేసుకుంటూ బావి దాకా ఎక్కుతాయి. దిగడం, వెనక్కి ఎక్కడం. దిగడం, వెనక్కి ఎక్కడం. బూడిదలాంటి మైలరంగు ఒంటితో, మెడ మీద బండలాంటి మూపుతో మైలోడు వయసంతా ఆ ఒక్క బాటలోనే గడిపాడు. మద్దిలేటి వయసంతా ఆ మోకు మీదే గడిచింది.

ఒక ఎండాకాలం ఆ మోకు పుటుక్కుమంది. పాట పాడుతున్న మద్దిలేటి పాటతో సహా ఎగిరి బాట అంచు రాయి మీద వెల్లకిలా పడ్డాడు. పాట సగంలో ఆగింది. కాళ్లు కూడా అక్కడే ఆగాయి.

హైమవతి ఆ ఊరికి వచ్చింది మద్దిలేటి కోసం కాదు, ఎడ్ల కోసం. బరువు లాగేటప్పుడు పశువు అడుగు ఎలా మారుతుందో చూడాలని ఆమె ఆరాటం. ఆమెకు అన్నీ ఆరాటాలే. జెర్రికి అన్ని కాళ్లుంటే అవి ఒకదానికొకటి ఎందుకు తగులుకోవు? నీళ్లపాము ఈదుతుంటే ఆ వంపు తలలో పుట్టి తోకదాకా ఎలా జారుతుంది? మిడత రెక్కలకు తాళం ఎవరు వేస్తారు? పనిలో ఉన్న రైతులు ఈ ప్రశ్నలు విని, పాపం ఎవరి బిడ్డో అనుకొని తప్పుకునేవాళ్లు. మంచం మీద ఉన్న మద్దిలేటికి తప్పుకునే వీలులేదు. పైగా తీరిక బోలెడు.

"మా పెదనాయన ఎద్దు ఒకటి నిద్రలో నడిచేదమ్మా," అన్నాడు మొదటిరోజే. "ఒకనాడు నడుచుకుంటా నడుచుకుంటా సంతకు పోయి, అమ్ముడుపోయి, తెల్లారి కొత్తోళ్ల కొట్టంలో మేలుకుంది."

ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్లు. హైమవతి మంచం దగ్గరికి జరిగి, "కళ్లు మూసుకునే నడిచిందా, తెరిచా?" అని అడిగింది. తన అబద్ధానికి అంత మర్యాద దక్కడం మద్దిలేటి అదే మొదటిసారి చూశాడు. అప్పటినుంచి ఆమె అంటే ఆయనకు ప్రాణం.

ఒకనాడు పక్కింటికి చుట్టాలొస్తే కోడిని కోశారు. కోసిన కోడి చేతిలోంచి జారి, తల లేకుండానే రక్తం చిమ్ముకుంటూ పరుగెత్తుకొచ్చి మద్దిలేటి మంచం కింద దూరి పడిపోయింది. హైమవతి దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"తల అక్కడుంది. పరుగు ఇక్కడిదాకా వచ్చింది. మరి ఆ పరుగు ఎక్కడున్నట్టు మద్దిలేటి గారూ?"

"వీపులో," అన్నాడు మద్దిలేటి, ఆలోచించకుండా. అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితే నా కాళ్లు చావలేదా డాక్టరమ్మా?"

"లేదు. నడుము కింద మీ వెన్నులో నడక ఉంది. మీ తల చెప్పే మాట అక్కడిదాకా పోవడం లేదు, అంతే. వేరే ఎవరైనా దాని చెవిలో తాళం వేసి మేలుకొలపాలి."

తాళం వేయడానికి ఆమె కాలేజీ కొట్టంలోని ఒక కోడెను అనుకుంది. దాని వెన్నుకు సూదులు పెట్టి, అడుగు అడుగుకూ అక్కడ పుట్టే లయను విని, పట్టి, పెట్టెలో నింపాలి. అదే లయను పెట్టె మద్దిలేటి వెన్నుకు వినిపించాలి. అడ్డం పడింది సుంకులమ్మ.

"రగతం ఎక్కించాలంటే ఇంటోళ్లదే తీసుకుంటారు గదమ్మా! నడక మటుకు ఎవరిదో ఊరూపేరూ లేని ఎద్దుది ఏంటికి? ఆయన చేతిమేత తిని పెరిగింది మా మైలోడు. మా ఇంటి నడకే పెట్టు. పరాయి నడక ఒంట్లో పెట్టుకుంటే, ఎప్పుడో ఒకనాడు వాళ్ల ఊరికి పోతానంటాది."

ఊళ్లో పెద్దవాళ్లందరూ సుంకులమ్మ మాటే సబబు అన్నారు. హైమవతికి కూడా మైలోడు నచ్చాడు. ఎన్ని సూదులు పెట్టినా తోకైనా ఆడించకుండా నిలబడ్డాడు. బరువు లాగుతూ అడుగు ఎంత నిదానంగా వేస్తాడో అంత స్పష్టంగా లయ దొరికింది. కపిల బాటలోనే, పని చేస్తుండగానే, ఆ లయ పట్టింది. దిగేది ఎంతసేపో ఎక్కేది అంతసేపు ఉంటుందనీ, ఎక్కేది వెనకడుగులతోననీ ముగ్గురికీ తెలుసు. రోజూ కళ్లెదుట కనపడేది గనక, అది కూడా పెట్టెలోకి ఎక్కుతుందని ఎవరికీ తట్టలేదు.

అలా ఆ రేకుల షెడ్డులో ముగ్గురూ తట్టకపోయినదాన్ని చూస్తూ కూర్చున్నారు. హైమవతి మొహం వాడిపోయింది.

"కొత్త లయ పట్టాలంటే దానికి తగ్గట్టు తీగలు మళ్లీ పెట్టాలి. వెన్ను మళ్లీ తెరవడం ప్రమాదమని పట్నం డాక్టరు ముందే చెప్పారు."

"వద్దులే తల్లీ. నడిస్తిమి గదా!" అన్నాడు మద్దిలేటి. సుంకులమ్మ బయటికి పోయాక గొంతు తగ్గించాడు. "నిన్నొక మాట అడగల్లంటే సిగ్గుగా ఉంది. నాకు సంతలకూ తిరనాళ్లకూ పోవాలని లేదు. పొద్దున లేచి, చెంబు పట్టుకొని, తుమ్మచెట్ల సాటుకు ఒక్కణ్నే పోవాల, ఒక్కణ్నే రావాల. రెండేండ్ల నుంచి ఆ పని ఆమె చేతుల మీద అయితాండాది. ఆమె ఒకనాడూ మొహం చిట్లించలేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది."

హైమవతి నవ్వలేదు. "ఒక్కరే పోయి, ఒక్కరే రావాలి. సరే," అంది, అదేదో కాలేజీ వాళ్లు ఆమెకు అప్పగించిన పని అయినట్టు.

మద్దిలేటి పెట్టెతో ఊరికి వచ్చాడు. చంకకింద ఒక ఊతకర్ర. కర్ర ఏ పక్కకు ఊనితే నడక ఆ పక్కకు మెల్లగా మళ్లుతుంది. కానీ ఉన్నచోట గిర్రున తిరగడం చేతకాదు. బాటలో మైలోడు ఎన్నడూ తిరిగినవాడు కాదు, ఆ పాఠం పెట్టెలో లేదు.

వచ్చిన మర్నాడే చెంబు పట్టుకొని బయలుదేరాడు. చూడ్డానికి వీధి వీధంతా అరుగుల మీదకు ఎక్కింది. ఆయన దర్జాగా మీసం దువ్వుకుంటూ పోయాడు. కపిల బాట ఎంత పొడవో అంత దూరం పోయి, ఆగి, అందరినీ చూస్తూ వెనకడుగులతో ఇంటికి వచ్చేశాడు. మళ్లీ పోయాడు, మళ్లీ వచ్చాడు. తుమ్మచెట్లు అల్లంత దూరంలో ఊరిస్తూ ఉన్నాయి. చెంబులో నీళ్లు మాత్రం తిరుగుళ్లకే అయిపోయాయి.

చివరికి సుంకులమ్మే ఉపాయం కనిపెట్టింది. ఆయన ముందుకు పోయి ఆగిన క్షణాన ఆమె భుజాలు పట్టి గిర్రున తిప్పేస్తుంది. ఇక ఆయన వెనకడుగులు ఆయన్ను ఇంకా ముందుకే తీసుకుపోతాయి. అవి అయిపోగానే మళ్లీ తిప్పుతుంది. ఇలా ఒక బాటెడు మొహంతో, ఒక బాటెడు వీపుతో ఆయన ఎక్కడికైనా పోగలడు. టీ కొట్టు దస్తగిరి దూరాన్నుంచి చూసి, "అన్నా, ఇప్పుడు వస్తాండావా పోతాండావా? టీ పెట్టల్లా వద్దా?" అని అరిచేవాడు.

"సగం వస్తాండా, సగం టీ పెట్టు!"

"అది సరే, ఎద్దుకు నాలుగు కాళ్లు గదా. మిగతా రెండు కాళ్ల నడక ఏమైంది?"

"డాక్టరమ్మ దగ్గర దాచిపెట్టి ఉండాది. నీకు కావాలంటే చెప్పు, నీ చేతులకు పెట్టిస్తా. టీ పొయ్యేటప్పుడు సగం గ్లాసు నేలకు పోయకుండా ఉంటాయి."

నవ్వులు బాగానే ఉన్నాయి. కానీ తుమ్మచెట్ల చాటుకు పోవాలంటే తిప్పేదానికి సుంకులమ్మ వెంట ఉండాల్సిందే. కాళ్లు వచ్చాయి గానీ, ఒక్కడే పోవడం రాలేదు.

ఆ పని చేసింది ఒక మేక. ఒక సాయంత్రం సుంకులమ్మ తిరగలిలో జొన్నలు విసురుతూ, మేకను కాసేపు పట్టుకోమని దాని తాడు మద్దిలేటి నడుముకు చుట్టింది. ఆయన ఊరికే నిలబడలేక పెట్టె మీట నొక్కాడు. కాళ్లు కదిలాయి. మేకకు అటు పోవడం ఇష్టంలేదు. నాలుగు కాళ్లూ బిగదన్ని వెనక్కి లాగింది. మద్దిలేటి బాటెడు దూరం పోయాడు. కాళ్లు ఆగలేదు. వీధి మలుపు వచ్చింది. ఆగలేదు. గుడి, రచ్చబండ, దస్తగిరి టీ కొట్టు, అన్నీ ఎదురుగా వచ్చి పక్కకు పోయాయి. అన్నింటినీ ఆయన మొహంతోనే దాటాడు. వెనక మేక ఊరు లేచిపోయేలా అరుస్తోంది.

"అన్నా! ఈరోజు అంతా మొహమే ఉండాదే!" అని దస్తగిరి నోరు తెరిచాడు.

"నాకూ తెలీదురోయ్! మేకనడుగు!"

కబురు విని హైమవతి జీపులో వచ్చింది. మేకను తీసి రాయి కట్టింది, రాయి తీసి మూట కట్టింది, మూట విప్పి మోకు కొసను తనే పట్టుకొని మడమలు నేలకు తన్ని వెనక్కి వాలింది. బరువు ఉన్నంతసేపూ ముందుకే. బరువు వదిలిందా, వెనక్కి.

"అర్థమైంది!" ఆమె పొలం మధ్యలో పిల్లలా గంతు వేసింది. "పాదం మీద ఎంత బరువు పడుతోందో మీ తలకు తెలియదు గానీ మీ వెన్నుకు తెలుసు. పెట్టె వెనక్కి రమ్మంటుంది. వెన్ను, 'ఉండవయ్యా, బాన ఇంకా పైకి రాలేదు' అంటుంది. మీ వెన్ను పెట్టె మాటను కాదంటోంది మద్దిలేటి గారూ! అది వినడమే కాదు, బదులు కూడా చెబుతోంది!"

మర్నాడు పొద్దున మద్దిలేటి ఒక చేత చెంబు, ఒక చంకన కర్ర, నడుముకు మేకతో తుమ్మచెట్ల చాటుకు ఒక్కడే పోయాడు. మేకను లెక్కేసుకోకపోతే ఒక్కడే. అక్కడ ఏం జరిగిందో మనకు అక్కర్లేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రెండేళ్ల కిందట ఆగిన పాట పాడుకుంటూ వచ్చాడు.

కథ అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. పది పదిహేను రోజులకు మేక చాలకుండా పోయింది. మేక గింజుకుంటూనే ఉంది, కాళ్లు ఆగి వెనక్కి పోయాయి. హైమవతి చూసి తల పట్టుకుంది.

"వెన్ను అలవాటు పడింది. మేక బరువును ఇక బరువుగా లెక్కపెట్టడం లేదు."

మేక పోయి చింతమొద్దు వచ్చింది. మొద్దు అలవాటయ్యాక రాతిగుండు వచ్చింది. గుండూ అలవాటయ్యాక గుంటక కట్టాల్సి వచ్చింది. గుంటక అంటే దుక్కి చదును చేసే పనిముట్టు. దాన్ని మామూలుగా ఎడ్లు లాగుతాయి. మద్దిలేటి దాన్ని లాక్కుంటూ చెంబుతో పోయివచ్చిన దారంతా దుక్కి అయిపోయిందనీ, తొలకరి పడగానే అందులో కొర్రలు మొలిచాయనీ దస్తగిరి ఇప్పటికీ ఒట్టుపెట్టి చెబుతాడు. ఆ కొర్రల అన్నం తిన్నానని కూడా అంటాడు, కానీ ఆ మాట మనం నమ్మాల్సిన పనిలేదు.

కర్ర ఒత్తుకొని మద్దిలేటి చంక పుండు పడింది. తాడు ఒరుసుకొని నడుము చుట్టూ నల్లని వాత తేలింది. సుంకులమ్మ రోజూ ఆముదం రాస్తూ, "ఇంతకంటే నేను తిప్పిందే మేలు గదయ్యా! చచ్చేంత బరువు లాగి ఏం సాధించల్ల?" అనేది.

"ఒక్కణ్నే పోతాండా గదమే."

"పోతాండావు. అట్లనే ఒకనాడు పైకి పోతావు."

తొలకరికి ముందు, ఆ ఎండల్లోనే మైలోడు చనిపోయాడు. రోగం లేదు, రొష్టు లేదు, వయసు అయిపోయింది. మేతకు లేవలేదు, అంతే. బావి పక్కనే పూడ్చారు. ఆ రోజు మద్దిలేటి గుంటక కట్టుకోలేదు. పెట్టె మీట నొక్కి, బావి బాటలో నిలబడి, కాళ్లను వాటి ఇష్టానికి వదిలేశాడు. బాటెడు దిగడం, వెనక్కి ఎక్కడం. మైలోడి నడక ఇప్పుడు భూమ్మీద ఈ ఒక్క ఒంట్లోనే ఉంది. ఎక్కుతూ దిగుతూ ఉండగా ఆయనకు ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్లూ ముందుకు పోవాలన్న తొందరలో ఆయన దాన్ని పట్టించుకోలేదు. మరుక్షణమే మీట ఆపి, దస్తగిరి చేత కాలేజీకి ఫోను చేయించాడు.

మళ్లీ అదే రేకుల షెడ్డు. హైమవతి కూడా ఒక ఉపాయం సిద్ధం చేసుకొని ఉంది.

"తీగలు ముట్టుకోకుండానే పెట్టెలోని లయను కత్తిరించవచ్చు. వెనకడుగుల ముక్క తీసేస్తాను. ఇక ముందుకే నడక. మేక వద్దు, గుంటక వద్దు. కానీ ఒకటి. ఒకసారి తీసేస్తే మళ్లీ అతికించలేను. వెన్ను మళ్లీ తెరిచినా, కొత్తగా పట్టడానికి మైలోడు లేడు."

సుంకులమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "ఇప్పుడే తీసెయ్ తల్లీ!"

"ఉండమే," అన్నాడు మద్దిలేటి. "డాక్టరమ్మా, వెనకడుగు తీసేస్తే మిగిలేది ఏ నడక?"

"బాన లాగేటప్పటి నడక."

"అదీ! నాకు కాళ్లు తెలీవు గానీ నడుము తెలుస్తాది గదా. ముందుకు పోయేటప్పుడు చూడు, వెనక ఏమీ కట్టకున్నా నడుము బిగుసుకుంటాది. మెడ వంగుతాది. పండ్లు కరుచుకుంటాయి. వెనక మోకు మీద ఎవరో కూర్చుని పాట పాడతా ఉన్నట్టే ఉంటాది. ఆ పాడేవాడు మంచి పాటగాడే అనుకో, నాకు తెలుసు వాడు. అయినా బరువు బరువే. అదే వెనక్కి వచ్చేటప్పుడు..." ఆయన మాట కోసం వెతుక్కున్నాడు. "ఒళ్లంతా పత్తి. కాడి ఒదులు అవుతాది. ఊపిరి పొట్టలోకి దిగుతాది. మా మైలోడికి పొద్దంతా పనిలో అదొక్కటే సుఖం. వెనక్కి నడవడం ఎడ్లకు కష్టమని నేను అనుకుంటి. కాదు. వాడు దానికోసమే దిగేవాడు."

హైమవతి కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. కత్తిరింపు సంగతే మరిచిపోయింది.

"ఆగండాగండి. ఆ తేలిక మొదటి అడుగులోనే వస్తుందా, కాస్త పోయాకనా?"

"మొదటి అడుగు కంటే ముందే. ఆగినప్పుడే."

"అంటే బరువు పోక ముందే! పోతుందని వెన్నుకు తెలిసి!" ఆమె కళ్లు మెరిశాయి. "సూదులు నాకు లయ చూపించాయి గానీ ఇది చూపించలేదు. రోజు చివర్లో కూడా అంతే తేలికా?"

"చివర్లో ఇంకా ఎక్కువ."

"ఇద్దరూ కలిసి ఏమన్నా తాగినారా?" అంది సుంకులమ్మ. "కోసే సంగతి చూడండి!"

"కోద్దాం," అన్నాడు మద్దిలేటి. "ముందడుగు కోసెయ్ డాక్టరమ్మా. వెనకడుగు ఉండనీ."

సుంకులమ్మ విసురుగా ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"బతికినన్ని దినాలు వెనక్కి నడుస్తావా? ఊరు నవ్వదా?"

"రెండేండ్లు ఊరు అయ్యో అయ్యో అనింది గదా, నవ్వితే నవ్వనీలే. అయ్యో కంటే నవ్వు మేలు."

"వెనక ఏముందో ఎట్ల కనపడుతుంది?"

"మైలోడికి కనపడిందా? వాడు ఎన్నడన్నా తల తిప్పి చూసినాడా? బావి ఎంత లోతో వాడికీ తెలుసు, అయినా అంచు దాకా వచ్చి ఆగేవాడు."

హైమవతి చాలాసేపు ఆలోచించింది. వెనకడుగుకు బరువుతో పనిలేదు. కాబట్టి వెన్ను అలవాటు పడి ఇంకా కావాలని అడిగేది కూడా ఏమీలేదు. తిరిగి రావాలంటే కర్ర ఊనుతూ తుమ్మచెట్లను చుట్టి వస్తే చాలు. శాస్త్రం ఒప్పుకుంది. ఆమె మనసు ఒప్పుకోవడానికే కాస్త సమయం పట్టింది.

"మనుషులంతా ముందుకు నడుస్తారు మద్దిలేటి గారూ. తర్వాత మీరు బాధపడితే నేనేమీ చేయలేను."

"ముందుకు పోయి పోయి చూసినా గదమ్మా. మేకనడుగు, చెబుతాది."

ఆమె కత్తిరించింది. తీసేసిన ముక్కను హైమవతి పారేయలేదు. మైలోడి బరువంతా ఒక చిన్న డబ్బాలో, ఆమె బీరువాలో ఉండిపోయింది.

ఇంటికి వచ్చిన మర్నాడు, వెలుగు బాగా పరుచుకున్నాక, మద్దిలేటి చెంబు నిండా నీళ్లు ముంచుకున్నాడు. కర్ర చంకన పెట్టి, తుమ్మచెట్లకు వీపు పెట్టి, ఇంటికి మొహం పెట్టి నిలబడి మీట నొక్కాడు. ఒళ్లు పత్తి అయ్యింది. కాళ్లు కదిలాయి.

"ఎడమ పక్క గుంత!" అని ఒకరు అరిచారు. "రాయి! రాయి!" అని ఇంకొకరు. ఆయన కర్ర ఊనిన పక్కకు ఒదిగి, గుంతను తప్పించి, ఎవరినీ పట్టించుకోకుండా పోతూనే ఉన్నాడు. దాటిపోయిన తర్వాతే ఒక్కొక్కరి మొహం కనపడుతోంది, దాటిపోయిన తర్వాతే పలకరిస్తున్నాడు. దస్తగిరి ఎకసెక్కం మాని, దారికి అడ్డంగా ఉన్న బల్లను పక్కకు లాగాడు.

సుంకులమ్మ గడపలో నిలబడి ఉంది. మంచం మీద పడినప్పటి నుంచి ఆమెను ఆయన దగ్గరగానే చూశాడు. తన మొహం మీదకు వంగిన మొహం, తన నడుము కింద దూరిన చేతులు, తన భుజాలు పట్టి తిప్పే వేళ్లు. ఇప్పుడు ఆమె మొత్తంగా కనపడింది, తలనుంచి పాదం దాకా, ఇంటి ముందు ఒక మనిషి. అడుగు అడుగుకూ చిన్నదవుతోంది. పాపం, భయంతో గుండె అరచేత పట్టుకొని తన వంకే చూస్తోందనుకున్నాడు. ధైర్యం చెబుదామని కర్ర ఎత్తి ఊపబోయాడు.

అప్పుడే సుంకులమ్మ కొంగు దులుపుకుంది. తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టింది. జారిన జుట్టుముడిని రెండు చేతులా ఎత్తి కట్టుకుంది. ఇక ఆయన వంక ఒక్కసారైనా చూడకుండా, వీధి అవతలి కొసకు, చేతులు ఊపుకుంటూ, ఎవరితో ఏం మాట్లాడాలో ముందే అనుకుంటున్నట్టు చకచకా నడిచిపోయింది.

మద్దిలేటికి కాస్త రోషం వచ్చింది. ఆ వెంటనే, ఎక్కణ్నుంచో, నడుము ఊపుతో పాటు నవ్వు కూడా ఎక్కి వచ్చింది. ఆపుకోలేక ఒక్కడే పగలబడి నవ్వుకుంటూ వెనక్కి వెనక్కి పోయాడు. ఆ నవ్వుకు చెంబులో నీళ్లు సగం తొణికిపోయాయి. ఉన్న సగం చాల్లే అనుకున్నాడు. తుమ్మకొమ్మ ఒకటి వీపుకు మెత్తగా తగిలింది.